ఆట గింజలు

మా అమ్మాయికి మూడున్నరేళ్ళప్పుడు ఒక సాయంత్రం అన్నం తినిపిస్తుంటే కుడి చెయ్యి వెనక్కి దాచుకుంది. చూపించమంటే చూపించలేదు. బుజ్జగించి ముందుకు లాగి చూస్తే మధ్యవేలి పక్కన ఎర్రగా కమిలి ఉంది. పెన్సిల్‌ను బిగించి పట్టుకున్న గుర్తు అది. ఆ రోజు సంచిలోని నోటుపుస్తకం తీస్తే రెండు పేజీల నిండా నిలువు గీతలు, ఆ తరువాత ఒక పేజీ అడ్డగీతలు. చివరి వరుసల్లో గీతలు వంకరపోయి కిందికి జారిపోయాయి. ఆ జారినచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి "ఇంటి దగ్గర మళ్ళీ రాయించండి" అని రాసి ఉంది. నేను రాయించాను. ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని మరీ రాయించాను. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే కూడా గొంతుకు ఏదో అడ్డుపడుతోంది.

ఆ ప్లేస్కూలు పేరు ఇక్కడ అనవసరం. దాన్ని నడిపేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పిల్లలను కొట్టరు, శుభ్రంగా చూసుకుంటారు. గేటు తీయగానే గోడ నిండా బొమ్మలు, ఆవరణలో ఎర్రటి జారుడుబల్ల కనిపిస్తాయి. మేము చేర్పించింది ఆ జారుడుబల్లను చూసే. చేర్పించాక తెలిసింది, పిల్లలు దాని దగ్గరికి వెళ్ళేది శుక్రవారం మాత్రమేనని. మిగతా రోజులన్నీ రాతపనే. ఎందుకలా అని అడిగితే అక్కడి టీచరు దాపరికం లేకుండా చెప్పారు: "తల్లిదండ్రులు అడుగుతారండీ. నోటుబుక్కు ఖాళీగా వెళితే ఫీజు ఎందుకు కట్టామంటారు." ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. రోజూ గేటు దగ్గర పిల్లను ఎత్తుకోగానే నా నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఈ రోజు ఏం రాశావమ్మా?" అనే. ఎవరితో ఆడుకున్నావని ఒక్కనాడూ అడగలేదు.

అప్పటినుంచి ఈ విషయం గురించి చదువుతూ, చూస్తూ, తెలిసినవాళ్ళను అడుగుతూ నేను చేరుకున్న అభిప్రాయం ఇది. ఆరేళ్ళలోపు పిల్లల చదువు బాగుందో లేదో నోటుపుస్తకంలో వెతికితే దొరకదు. ఆ గదిలో ఉన్న టీచరుకు ఒక్కొక్క బిడ్డతో కూర్చుని మాట్లాడే తీరిక ఉందా, ఆ మాట్లాడే విద్య ఆమెకు ఎవరైనా నేర్పారా అన్న రెండు ప్రశ్నల్లో వెతకాలి. భవనం, ఏసీ, కెమెరాలు, ఇంగ్లీషు పాటలు అన్నీ వాటి తరువాతే.

ముందు చేతి సంగతి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ వయసుకు వాటిలో చాలావరకు ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. పట్టు అనేది ముందు భుజానికి వచ్చి, తరువాత మోచేతికి దిగి, ఆఖరున వేళ్ళ కొసలకు చేరుతుంది. అందుకే ఈ వయసు పిల్లలు సుద్దముక్క ఇస్తే గోడంత బొమ్మ గీస్తారు గానీ గీతల మధ్య అక్షరం ఇమడ్చలేరు. మన 'అ' ఒకసారి మెల్లగా రాసి చూడండి. ఎక్కడా తిన్నని గీత లేదు. వేలు లోపలినుంచి బయలుదేరి, చుట్టి వచ్చి, మళ్ళీ ఒంపు తిరిగి పైకి లేవాలి. చపాతీ పిండి పిసికిన చేతికి, చిక్కుడుకాయలు ఒలిచిన చేతికి, తడి మట్టితో పిచ్చుకగూళ్ళు కట్టిన చేతికి ఆ ఒంపు తనంతట తాను వస్తుంది. ఆ పనులన్నీ మాన్పించి పెన్సిల్ ఇస్తే చేతికి తెలిసేది నొప్పి ఒక్కటే.

మన పెద్దలకు ఇది తెలుసుననే నా నమ్మకం. అక్షరాభ్యాసం ఐదో ఏట చేయడం పాత ఆచారం. బాసరలో ఇప్పుడు మూడేళ్ళు నిండకుండానే పిల్లలను కూర్చోబెడుతున్నారు గానీ, ఆ తంతు ఎలా జరుగుతుందో గమనించండి. పళ్ళెంలో బియ్యం పోస్తారు. పిల్ల వేలిని తల్లో తండ్రో పట్టుకుని ఆ బియ్యంలో 'ఓం' దిద్దిస్తారు. గింజలు వేలికి తగులుతాయి, పక్కకు జరుగుతాయి, తప్పు పోయినా చెయ్యి ఆడిస్తే చెరిగిపోతుంది, ఎర్ర సిరా ఊసే లేదు. ఒడిలో కూర్చోబెట్టుకుని, గింజల్లో వేలు ఆడించి చదువు మొదలుపెట్టిన జాతి మనది. అలా మొదలుపెట్టి, మర్నాడే నాలుగు గీతల పుస్తకం చేతికివ్వడం దగ్గర తప్పు చేస్తున్నాం.

ఆ ఏడాది దసరాకు మా అమ్మవాళ్ళ ఊరు వెళ్ళాం, తెనాలి దగ్గర పల్లె. బడులకు సెలవులే గానీ అంగన్‌వాడీ తెరిచి ఉంది. పక్కింటి పిల్ల చెయ్యి పట్టుకుని మా అమ్మాయీ అక్కడికి పరుగు తీసింది. వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఒకటే గది, పక్కన చిన్న వంటగది. సున్నం వేసి చాలా కాలమైన గోడలు. పదకొండు మంది పిల్లలు. టీచరు చాప మీద వాళ్ళ మధ్యన కూర్చుని ఒక స్టీలు గిన్నె బోర్లించారు. చింతగింజలు, చిక్కుడుగింజలు, నల్లగా నిగనిగలాడే సీతాఫలం గింజలు చాప మీద పరుచుకున్నాయి. ఏరమని కూడా ఆవిడ చెప్పలేదు. పిల్లలే కుప్పలు పెట్టడం మొదలుపెట్టారు.

నాలుగేళ్ళ పిల్లవాడొకడికి ఒక వింత గింజ దొరికింది. చింతగింజే, కాని ఒక వైపు రాతి మీద అరగదీసినందువల్ల తెల్లగా ఉంది. ఎవరింటి అష్టాచెమ్మాలోంచో వచ్చి కలిసిపోయినట్టుంది. వాడు దాన్ని చింతగింజల కుప్ప దాకా తీసుకెళ్ళి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చిక్కుడుగింజల దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ ఆగాడు. టీచరు అది చూశారు. "దీన్ని ఎక్కడ పెడదాం నాన్నా?" అని అడిగి ఊరుకున్నారు. నిజంగానే ఊరుకున్నారు. నేనైతే ఆ మౌనాన్ని భరించలేక జవాబు చెప్పేసేదాన్ని. మా అమ్మాయి "అది చింతగింజే" అంది. ఇంకో పిల్ల "కాదు, తెల్లగా ఉంది" అంది. వాడు గింజను అటూ ఇటూ తిప్పి చూసుకుని, రెండు కుప్పలకూ దూరంగా, చాప అంచున పెట్టాడు. "ఇది ఆట గింజ" అన్నాడు.

"ఆట గింజ అంటే?"

"మా నాయనమ్మ ఇట్లా వేస్తుంది" అని పిడికిలి ఆడించి విసిరినట్టు చూపించాడు.

అంతే, మిగతా పిల్లలు కుప్పలన్నీ చెదరగొట్టి ఆట గింజల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఇంకొకటి దొరికింది. "అష్టాచెమ్మాకు ఎన్ని కావాలి?" అన్నారు టీచరు. నాలుగని ఇద్దరు ముగ్గురికి తెలుసు. "మరి మన దగ్గర రెండేగా, ఇంకా ఎన్ని వెతకాలి?" ఐదేళ్ళ పిల్ల ఒకతి నాలుగు వేళ్ళు చాపి, రెండు మడిచి, మిగిలిన రెండింటినీ ఇంకో చేత్తో పట్టుకుని చూసి, "రెండు" అంది.

పది నిమిషాల్లో అక్కడ జరిగినదాన్ని మరోసారి తలచుకుంటాను. పిల్లలు ముందు రంగును బట్టి, ఆకారాన్ని బట్టి విడదీశారు. ఆ పద్ధతికి లొంగని గింజ ఒకటి రాగానే, వస్తువును అది చేసే పనిని బట్టి కూడా విడదీయవచ్చని ఒక నాలుగేళ్ళవాడు కనిపెట్టాడు. తోటివాళ్ళు ఒప్పుకోకపోతే తన మాట నిలబెట్టుకోవడానికి ఇంట్లో చూసినదాన్ని సాక్ష్యంగా తెచ్చాడు. ఒక పిల్ల తీసివేత చేసింది, ఆ పేరు తెలియకుండానే. ఇంతా జరిగితే ఇంటికి తీసుకెళ్ళి చూపించడానికి కాగితం మీద ఒక్క గీత లేదు. ఆ పిల్లవాడి తల్లి సాయంత్రం "ఏం రాశావు?" అని అడిగి ఉంటే, వాడు ఏమీ లేదనే చెప్పి ఉంటాడు.

ఆ తరువాత జరిగిందీ చెప్పాలి. ఒక గర్భిణి సరుకుల కోసం వచ్చింది. యాప్‌లో ఆమె వివరాలు ఎక్కించి, ఫొటో తీసి, ముఖం సరిపోయిందని ఫోను ఒప్పుకుంటేనే సరుకు ఇవ్వాలి. సిగ్నల్ కోసం టీచరు ఫోను పట్టుకుని వాకిట్లోకి వెళ్ళారు. ఇంతలో పైనుంచి ఫోను, పిల్లల బరువుల లెక్క ఎంతవరకు వచ్చిందని. వంటగదిలో ఆయా గుడ్లు ఉడికిస్తోంది. ఆట ఆగిపోకూడదని నేను చాప మీద కూర్చున్నాను. "ఇది ఏం రంగు? ఇవి ఎన్ని?" అని అడిగాను. పిల్లలు ముక్తకంఠంతో జవాబిచ్చి, నా మొహం చూస్తూ కూర్చున్నారు. రెండు నిమిషాల్లో ఒకడు తలుపు దగ్గరికి, ఇంకొకతి వంటగదిలోకి. ఆ టీచరు చేసేది ఎవరైనా చేయగల పని కాదని అప్పుడు తెలిసింది. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఆగాలో, బిడ్డ చేతిలోని గింజను చూసి బిడ్డ బుర్రలో ఏముందో పసిగట్టడం ఒక విద్య. డాక్టరుకు నాడి తెలిసినట్టు తెలియాలి.

'అంగన్‌వాడీ' అని రోజూ అంటున్నా, ఆ పేరులోని 'అంగన్' అంటే ముంగిలేనని మనం వినిపించుకోం. ఆ ముంగిలి శిశువిద్య కోసం పాటుపడిన తారాబాయి మోడక్ నాటిది. ఆమె గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి బాలల బడిలో పనిచేసింది. మాంటిస్సోరి పద్ధతిని మనసారా నమ్మింది. మరియా మాంటిస్సోరి స్వయంగా 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరికో శిక్షణ ఇచ్చింది కూడా. అయితే ఆ పద్ధతికి కావలసిన కొయ్య పరికరాలు ఖరీదైనవి. వాటిని కొనలేని పిల్లల మాటేమిటన్నది తారాబాయి ప్రశ్న. 1945లో మహారాష్ట్రలోని బోర్డీ అనే ఊళ్ళో, తరువాత కొస్బాడ్ కొండ మీద వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య, అనుతాయి వాఘ్‌తో కలిసి ఆమె గింజలు, గులకరాళ్ళు, ఆకులు, గవ్వలతోనే బడి నడిపింది. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ ముంగిట్లోకి తీసుకెళ్ళింది. మా ఊరి టీచరు బోర్లించిన స్టీలు గిన్నెకు అంత చరిత్ర ఉంది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడు ఆ పేరు ప్రభుత్వ కేంద్రాలకు వచ్చింది. ఇప్పుడు అవి దేశమంతటా దాదాపు 14 లక్షలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 90 వేలకు పైనే. పేరు వచ్చింది, తిండి వచ్చింది, టీకాలు వచ్చాయి. ముంగిట్లో కూర్చుని ఆడించే తీరికే కరువైంది.

ఆ తీరిక ఇస్తే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో లెక్కగట్టి చూశారు. తమిళనాడులో 320 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, వాటిలో కొన్నింటికి లాటరీ పద్ధతిలో అదనంగా ఒక టీచరును ఇచ్చారు. రోజులో సగం సేపే పని, పిల్లలకు నేర్పడం తప్ప ఇంకో పని లేదు. ఏడాదిన్నర తరువాత చూస్తే ఆ కేంద్రాల్లో పిల్లలకు నేర్పే సమయం రెట్టింపైంది, లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు మిగతావాళ్ళకంటే బాగా ముందున్నారు. నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకొకటి. ఆ పిల్లల్లో ఎత్తు ఎదగనివాళ్ళు, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్ళు కూడా తగ్గారు. ఎందుకంటే పాత టీచరుకు కాస్త ఊపిరాడి, పోషణ పనిని సరిగా చేయగలిగింది. అన్నమా, ఆటా అన్న పోటీ అసలు లేనే లేదు. రెండింటికీ కలిపి ఒకే ప్రాణిని నియమించడంతో వచ్చిన కొరత అది.

ఆ ఒక్క ప్రాణికి మనం ఇచ్చేదాన్ని జీతం అని కూడా అనం, గౌరవ వేతనం అంటాం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగేనాటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. నలభై రెండు రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని "వీళ్ళకు అంతెందుకు, గుడ్లు ఉడకబెట్టడమేగా" అన్న మాట మా బంధువుల ఇంట్లోనే విన్నాను. చిన్న పిల్లలతో చేసే పని ఏదైనా మన దృష్టిలో ఆడవాళ్ళు ఉచితంగా చేయవలసిన పనే. ఆ చిన్నచూపు పోకుండా ఎన్ని పాఠ్యప్రణాళికలు వచ్చినా గింజల గిన్నె అలమరలోనే ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళనుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. 2022లో ఆ దశకు ఆటే ప్రధానంగా పాఠ్యప్రణాళిక వచ్చింది. కాగితం మీద ఉన్నది మంచి మాటే. కాని చట్టంలో విద్య హక్కుగా మొదలయ్యేది ఆరేళ్ళనుంచి. అంతకుముందు వయసు గురించి రాజ్యాంగం 45వ అధికరణంలో ప్రభుత్వం 'ప్రయత్నించాలి' అని మాత్రమే ఉంది. మెదడు అన్నిటికంటే వేగంగా పెరిగే ఏళ్ళకు మనం ఇచ్చిన హామీ ఒక ప్రయత్నం.

ఇక తల్లిదండ్రుల భయం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మా ఇంట్లో పనిచేసే ఆవిడ తన మనవణ్ణి ఇంగ్లీషు మీడియం నర్సరీకి పంపడానికి నెలనెలా అప్పు చేస్తోంది. "మాలా కాకూడదమ్మా" అంటుంది. పక్కింటి పిల్ల ఏ నుంచి జెడ్ దాకా రాస్తుంటే మన పిల్ల మట్టిలో ఆడుకుంటోందే అన్న గుబులు నాకూ ఉండేది. అయితే ఆ అప్పుకు తగిన ఫలితం దక్కుతోందా అన్నది చూడాలి. అస్సాం, రాజస్థాన్‌లతో పాటు మన తెలంగాణ ప్రాంతంలో సుమారు 14 వేల మంది పిల్లలను నాలుగో ఏటినుంచి ఎనిమిదో ఏటి దాకా వెంబడి ఉండి పరిశీలించిన అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. ఐదేళ్ళకు బడికి కావలసిన సన్నద్ధత చాలామంది పిల్లల్లో లేదని తేలింది. అంగన్‌వాడీకి వెళ్ళినా, ఫీజు కట్టి ప్రైవేటుకు వెళ్ళినా ఆ కొరత ఉంది. ఒకచోట ఆడించేవాళ్ళకు తీరిక లేదు, ఇంకోచోట ఒకటో తరగతి పాఠాన్నే కిందికి దించి వల్లె వేయించారు. మా పనావిడ చేస్తున్న అప్పు ఆ వల్లెవేతకే పోతోంది. ఆమె ఆశలో తప్పు లేదు, ఆమెకు అమ్ముతున్న సరుకులో ఉంది.

మరి ఆటలో నేర్చుకున్నది నిలుస్తుందా? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊరుంది. 1962లో మొదలుపెట్టి అక్కడి పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని రెండు జట్లు చేసి, 58 మందికి మంచి శిశువిద్య ఇచ్చారు. ఈ రోజు ఏం చేద్దామనుకుంటున్నావో పిల్లలే చెప్పాలి, చేయాలి, తరువాత దాని గురించి మాట్లాడాలి. టీచరు వారానికోసారి ఇంటికి వెళ్ళి తల్లితో కూర్చునేది. కొన్నేళ్ళకే తెలివితేటల పరీక్షల్లో రెండు జట్ల తేడా చెరిగిపోయింది. అక్కడితో లెక్క కట్టేసి ఉంటే డబ్బు దండగ అనేవాళ్ళు. కాని నలభయ్యో ఏట చూస్తే ఆ 58 మందిలో చదువు పూర్తిచేసినవాళ్ళు, ఉద్యోగాలు ఉన్నవాళ్ళు ఎక్కువ, జైలుకు వెళ్ళినవాళ్ళు తక్కువ. చిన్న అధ్యయనమే, అందరికీ అలాగే వర్తిస్తుందని అనను. పరీక్షకు అందని చోట ఏదో నాటుకుందనడానికి మాత్రం అది చాలు. ఒక పని అనుకోవడం, పట్టుబట్టి చేయడం, తోటివాళ్ళతో కుదుర్చుకోవడం అలాంటివి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లలను ఊరికే వదిలేయడాన్ని నేను ఆట అనడం లేదు. టీచరు వాకిట్లోకి వెళ్ళిన తరువాత పిల్లలు చేసింది కూడా ఆటే, కాని దానికి ఎదుగుదల లేదు. అక్షరాలకూ నేను వ్యతిరేకిని కాను. నాలుగేళ్ళ పిల్ల బస్సు మీద బోర్డు చూపించి "అదేమిటి?" అంటే చదివి వినిపించాలి. తన పేరు రాసుకోవాలని ముచ్చటపడితే చూపించాలి. ఇంకా ముఖ్యమైనది భాష. తండాలో లంబాడీ మాట్లాడే పిల్లకు, మన్యంలో కోయ మాట్లాడే పిల్లకు టీచరు అడిగే ప్రశ్న ముందు అర్థం కావాలి. "దీన్ని ఎక్కడ పెడదాం?" అన్నదే తెలియని భాషలో వినిపిస్తే ఆ బిడ్డ మౌనంగా ఉంటుంది, మనం మందమతి అనుకుంటాం.

మన ఇళ్ళలో ఈ చదువు ఉండేది. గుడుగుడుగుంచంలో పిడికిలి మీద పిడికిలి పేర్చి, ఒక్కొక్కటే తీసేవాళ్ళం. కాళ్ళాగజ్జా ఆటలో కాళ్ళు బార్లా చాపి వరుసగా కూర్చుంటే, ఒకరు పాట పాడుతూ మాటకొక మోకాలు తాకుతూ పోయేవారు. మాట ఎక్కడ ఆగితే ఆ కాలు మడవాలి. లెక్క నేర్చుకోవడంలో ఒక కీలకమైన మెట్టు అదే, ఒక మాటకు ఒక వస్తువు, రెండు కాదు, సున్నా కాదు. ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లను ఎదురుగా ఉన్న ఏడు గింజలు లెక్కపెట్టమనండి, కొందరు పదకొండు దాకా పోతారు. మా అమ్మమ్మ ఆ మెట్టును మోకాళ్ళ మీద ఎక్కించింది. మూడేళ్ళలోపు బిడ్డలకైతే ఒడే బడి. బిడ్డ ఉంగా అంటే తల్లి తిరిగి ఉంగా అంటుంది, బిడ్డ ఆగి చూసి మళ్ళీ అంటుంది. సంభాషణ అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది. వరినాట్లకో పసుపు తవ్వకానికో వెళ్ళే తల్లికి, ఆ పసిబిడ్డకు బదులిచ్చే మనిషి ఉన్న చోటు ఊళ్ళో ఎక్కడుంది? తెల్లవారి వెళ్ళి పొద్దు వాలాక వచ్చే ఆమెకు అంతకుముందే మూసే కేంద్రం సరిపోదు. దీని గురించి విడిగా రాయాలి.

ఊరినుంచి వచ్చాక ప్లేస్కూలు టీచరును కలిసి, మా అమ్మాయి పుస్తకం ఖాళీగా వచ్చినా నేను అడగనని చెప్పాను. ఆవిడ ముందు నమ్మలేదు. కాగితం మీద రాసి ఇవ్వమన్నారు, ఇచ్చాను. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు తల్లులు అలాగే రాసి ఇచ్చారు. జారుడుబల్లకు ఇప్పుడు శుక్రవారంతో పాటు మంగళవారం కూడా వచ్చింది.

మొన్న గౌను ఉతకబోతే జేబులో నాలుగు చింతగింజలు దొరికాయి. ఒకటి అరగదీసినది. ఎప్పుడు అడిగి తెచ్చుకుందో తెలియదు. బల్ల మీద పెట్టాను. సాయంత్రం మా అమ్మాయి వంటింట్లోంచి గుప్పెడు చిక్కుడుగింజలు తెచ్చి వాటితో కలిపి, నన్ను కింద కూర్చోబెట్టింది. అరగదీసిన గింజను నా అరచేతిలో పెట్టి, "దీన్ని ఎక్కడ పెడదాం అమ్మా?" అంది. నేను చింతగింజల పక్కన పెట్టాను. తప్పనలేదు, ఒప్పనలేదు. "ఎందుకు అక్కడ పెట్టావు?" అని అడిగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నా జవాబు కోసం కదలకుండా కూర్చుంది.